సంగటి ముద్దలో ఎన్ని దేశాలు

అనంతపురం తిండి గురించి ఎవరు రాసినా మొదటి వాక్యంలోనే కరువు వచ్చి కూర్చుంటుంది. వాన లేదు, వరి లేదు, అందుకని రాగిసంగటి. కూరగాయ లేదు, అందుకని ఊరుబిండి. నెయ్యి లేదు, అందుకని కారం. చెప్పడానికి సులువైన కథ, కొంతవరకు నిజం కూడా. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని ముందే పిండుకుంటాయి, ఈశాన్య మేఘం తూర్పుతీరం దాటి ఇంతదూరం రాలేక అలసిపోతుంది. మిగిలేది ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ మొదలు సింగమనేని నారాయణ కథల దాకా ఇక్కడి సాహిత్యం ఆకలినే పలికింది, పలకాల్సిందే కూడా. అయితే ఆకలి చరిత్ర వేరు, వంట చరిత్ర వేరు. మొదటిదాన్ని తెచ్చి రెండోదానికి అంటగట్టడం వల్ల అసలు సంగతి మరుగున పడింది. రాయలసీమ వంటను లేమి ఒక్కటే పుట్టించలేదు. ఎక్కడెక్కడి గింజలో, ఎవరెవరి సైన్యాలో, ఏయే భాషల వంటిళ్లో వచ్చి కలిసిన చోట అది పుట్టింది. వట్టి పేదతిండి అని జాలిపడేవాళ్లూ, అచ్చమైన ప్రాచీన ఆహారమని మురిసిపోయేవాళ్లూ ఈ కలయికను ఒకేలా విస్మరిస్తున్నారు.

ఇలాంటి కలయికను దాచుకోకుండా, గర్వంగా చెప్పుకునే ప్రాంతం ఒకటి అమెరికా దక్షిణాన ఉంది. 1755 నుంచి బ్రిటిష్ ప్రభుత్వం కెనడా తూర్పుతీరంలోని అకేడియా నుంచి ఫ్రెంచి రైతులను వెళ్లగొట్టింది. వారిలో కొందరు చివరికి లూసియానా చిత్తడి నేలలకు చేరారు. కేజన్లంటే వాళ్ల సంతతే. పక్కనే న్యూ ఆర్లీన్స్ నగరంలో ఫ్రెంచి, స్పానిష్, ఆఫ్రికన్ వంటలు కలిసి క్రియోల్ వంట తయారైంది. అక్కడి గంబో అనే పులుసులో బెండకాయ ఆఫ్రికాది, చిక్కదనానికి వేసే ససాఫ్రస్ ఆకుపొడి స్థానిక చాక్టా జాతివారిది, పిండిని కొవ్వులో ఎర్రగా వేయించే పద్ధతి ఫ్రాన్సుది. బ్రో బ్రిడ్జ్ అనే చిన్న ఊరిని 1959లో ఆ రాష్ట్ర శాసనసభ మంచినీటి ఎండ్రరొయ్యల రాజధానిగా ప్రకటించింది. ఇప్పుడు తిండి కోసమే జనం ఆ ఊళ్లు తిరుగుతారు. ఏ దినుసు ఎవరు తెచ్చారో చెప్పడం అక్కడ వడ్డనలో భాగం. అదే పని గుత్తి నుంచి హిందూపురం దాకా చేస్తే ఏం తేలుతుంది?

ముద్దతోనే మొదలుపెడదాం. రాగి తూర్పు ఆఫ్రికా ఎత్తుభూముల పంట. జొన్న కూడా ఆఫ్రికాదే. నాటుకోడి పులుసులో ముంచుకు తినే అలసంద వడల అలసందలదీ అదే ఖండం. పులుసుకు ప్రాణమైన చింత కూడా అక్కడి చెట్టే. హిందూపురం మార్కెట్ యార్డులో చింతపండు వేలం చూసినవారికి ఇది నమ్మబుద్ధి కాదు. కొర్ర మొదట సాగైంది చైనాలో. మిరప, వేరుశనగ, టమాటా దక్షిణ, మధ్య అమెరికాల నుంచి సముద్రం మీద వచ్చాయి. మరి ఇక్కడివేవి? బళ్లారి దగ్గర సంగనకల్లులోనూ చుట్టుపక్కల కొత్తరాతియుగపు స్థలాల్లోనూ పురావస్తు శాస్త్రవేత్తలు మాడిన గింజలను ఏరి పరీక్షించారు. నాలుగు వేల ఏళ్ల కిందటి ఆ పశుపాలకులు తిన్నవాటిలో ముఖ్యమైనవి ఉలవలు, పెసలు, అండుకొర్రలు. వాళ్లు పేడ కాల్చి వదిలిన బూడిద దిబ్బలు అనంతపురం జిల్లా పాలవాయిలోనూ ఉన్నాయి. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయస్ అంగట్లో రాసులు పోసిన ధాన్యాలను పేర్కొంటూ ఉలవలనూ లెక్కించాడు, అవి సామాన్యుల తిండి అన్నాడు. పుట్టుపూర్వోత్తరాలే అర్హత అయితే రాయలసీమ జెండా మీద ఉలవ ఉండాలి, రాగి కాదు.

వేల ఏళ్ల కిందట వచ్చినది ఇంకా పరాయిదేనా అని ఎవరైనా అడగవచ్చు. రాగి, జొన్నల విషయంలో ఆ అభ్యంతరం న్యాయమైనదే, అవి ఎప్పుడో మనవైపోయాయి. కానీ సీమ రుచి అని దేన్ని అంటున్నామో చూడండి. ఆ రుచి రెండు కాళ్ల మీద నిలబడింది, ఒకటి మిరప, రెండోది శనక్కాయ (వేరుశనగ). పేయస్ విజయనగర వీధుల్లో తిరిగేనాటికి పచ్చిమిరపకాయ కారం ఇక్కడి సామాన్యుడికి ఇంకా అలవాటు కాలేదు, కారమంటే మిరియమే. శనక్కాయ అంతకంటే కొత్తది. మద్రాసు రాజధానిలో అది మొదట దక్షిణ ఆర్కాటులో వ్యాపార పంటగా పెరిగింది, పాండిచ్చేరి రేవు మీదుగా ఫ్రాన్సులోని మార్సెయ్ నూనె మిల్లులకు, సబ్బు కార్ఖానాలకు పోయింది. 19వ శతాబ్దం చివర పాత విత్తనం దెబ్బతింటే మొజాంబిక్, మారిషస్ వైపు నుంచి తెచ్చిన విత్తనంతో మళ్లీ లేచింది. అప్పట్లో దత్తమండలాలనే సీమ ఎర్రనేలల్లోకి పెద్ద ఎత్తున పాకింది 20వ శతాబ్దంలోనే. తిండివనం పరిశోధన కేంద్రం 1940లో విడుదల చేసిన టీఎంవీ–2 రకం ఇక్కడి రైతును దశాబ్దాలపాటు వదల్లేదు. 2000 తర్వాతి దశకంలో ఒక్క ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే ఎనిమిది లక్షల హెక్టార్ల పైచిలుకు శనక్కాయ వేశారు. అంటే తాతల నాటి రుచి అని మనం చెప్పుకునేది అక్షరాలా తాతల నాటిదే, తాతల తాతల నాటిది కాదు.

కొత్తగా వచ్చిన గింజ పాత వంటింట్లో ఎలా ఇమిడిందో తెలియాలంటే ఊరుబిండి చేయడం చూడాలి. శనగ్గింజలను సన్నని సెగ మీద చిటపటమనేదాకా వేయించి, పొట్టు చెరిగి, కాల్చిన మిరపకాయలు, ఉప్పు, నానబెట్టిన చింతపండుతో రోట్లో వేస్తారు. మెత్తగా నూరితే పనికిరాదు, పలుకు పంటికి తగలాలి. చివర్లో పచ్చి ఉల్లిగడ్డ వేసి నాలుగు దెబ్బలు, అంతే. సంగటిది ఇంకో నేర్పు. నూకలు ఎసట్లో మెత్తబడ్డాక రాగిపిండిని గుట్టగా పోస్తారు, వెంటనే కలపరు. కట్టెతో నడుమ బొక్క చేసి మూత పెడితే ఆవిరి పిండిలోంచి పైకి తన్ని పచ్చివాసన పోతుంది. ఆ తర్వాతే కుండను కాళ్ల సందున పట్టుకుని, ఉండ కట్టకుండా బలం కొద్దీ గెలకడం. తడిచేత్తో ముద్ద చేసి నడుమ గుంత పెడితే అందులోకి పులుసో పప్పో బిండో. గెలికే పద్ధతి పాతది, కన్నడ దేశపు ముద్దకు దగ్గర చుట్టం. పక్కన పెట్టుకునేది కొత్తది. రాగిలో కొవ్వు తక్కువ, శనగ్గింజలో దాదాపు సగం నూనె. నెయ్యి కొనలేని ఇంట్లో ముద్ద గొంతు దిగేలా చేసింది మార్సెయ్ సబ్బుల కోసం వేసిన పంట. దీన్ని పేదరికం నేర్పిన సర్దుబాటు అని తీసిపారేయడం కన్నా వంటచేసిన ఆడవాళ్ల తెలివి అనడం న్యాయం.

గింజల తర్వాత మనుషులు. పెనుకొండ ఒకప్పుడు విజయనగర రాజుల రాజధాని. 17వ శతాబ్దం మధ్యలో బీజాపూరు సుల్తానుల చేతికి పోయింది. పొరుగున శిరా కేంద్రంగా మొగలుల సుబా వెలిసింది. గుత్తి కోట మరాఠా మురారిరావుది, దాన్ని 1776లో హైదరలీ పట్టుకున్నాడు. టిప్పు పతనమయ్యాక నిజాముకు దక్కి, 1800లో ఈస్టిండియా కంపెనీకి దత్తమైంది. రెండు వందల ఏళ్లలో ఇన్ని జెండాలు మారిన నేల మీద వంట ఒకే భాషలో ఉంటుందా? పైగా 1882 దాకా అనంతపురం బళ్లారి జిల్లాలో ఒక భాగం. 1953లో బళ్లారి మైసూరుకు పోయింది, రాయదుర్గం ఇటు వచ్చింది. పావగడ చుట్టూ ఆంధ్ర, మడకశిర చుట్టూ కర్ణాటక. గీత మారింది గానీ పొయ్యి మారలేదు. గుంతకల్లులో పొద్దున్నే తినే ఉగ్గానిని తీసుకోండి. బొరుగులను నీళ్లలో ముంచి పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరప, పసుపు తాలింపులో వేసి, పుట్నాల పొడి చల్లి, మిరపకాయ బజ్జీతో పెడతారు. సరిగ్గా ఈ జంటే బళ్లారిలోనూ, దావణగెరె దాకానూ పొద్దుటి ఫలహారం. కోస్తావాళ్లు బొబ్బట్లు చేసుకునే పండగకు ఇక్కడ ఓళిగలు, తుంకూరులోనూ అవే. గుంతపొంగణాలకు అవతల గుండపొంగలు. కదిరి, హిందూపురం ముస్లిం ఇళ్ల వంట సంగతి వేరే వ్యాసం అడుగుతుంది. మన తెలుగు వంటల పుస్తకాలు దాన్ని పట్టించుకోకపోవడం మాత్రం సిగ్గుపడాల్సిన విషయం.

కరువు మాటేమిటి అనే ప్రశ్న ఇప్పుడు బలంగా వస్తుంది. నిజమే, వాన లేని నేల మీద ఏ గింజ నిలుస్తుందో ఎంచేది కరువే. శనక్కాయ వాన కోసం కొన్నాళ్లు ఓర్చుకోగలదు కాబట్టే ఇక్కడ నిలిచింది. అయితే ఎంచడం వేరు, తేవడం వేరు, వండడం ఇంకా వేరు. కరువే వంటను పుట్టిస్తుందన్న మాటను పరీక్షించడానికి 1876–78 నాటి ధాత కరువు ఉంది. బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ పెట్టిన లెక్క ప్రకారం కరువు పనిలో మగమనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం, పైన కొద్దిపాటి డబ్బు. బతకడానికి అది చాలదని మద్రాసు పారిశుద్ధ్య కమిషనర్ కార్నిష్ మొత్తుకున్నాడు. జనం అడవి గడ్డలు తవ్వారు, ఆకులు అలములు ఉడకేసుకున్నారు. వాటిలో ఏది ఈరోజు సీమ పళ్లెంలో ఉంది? 1952 కరువులో గంజి కేంద్రాల ముందు వరుస కట్టినవారు ఆ గంజిని ఇంటి వంటగా మలుచుకోలేదు, మరచిపోవాలనుకున్నారు. వంట అనేది కరువుకూ కరువుకూ మధ్య, నాలుగు గింజలు ఇంట్లో ఉన్న ఏళ్లలో పుడుతుంది. ఎంచుకునే వీలున్నప్పుడే రుచి ఉంటుంది.

లూసియానాతో పోలిక పెట్టడమే తప్పంటే అందులో సగం ఒప్పుకోవాలి. గంబో కుండ వెనుక బానిసల ఓడలున్నాయి. అక్కడికి మనుషులను బలవంతాన తెచ్చారు, వాళ్లతో పాటు రుచులు వచ్చాయి. ఇక్కడ జరిగింది దాదాపు తిరగేసిన కథ. విత్తనాలు వచ్చాయి, మనుషులు వలసపోయారు, ఇప్పటికీ బెంగళూరుకు పోతున్నారు. కలయిక అనగానే అందరూ ఒకే బంతిలో కూర్చున్నారని కూడా కాదు. అనంతపురం, ధర్మవరం, బుక్కపట్నం చెరువుల కింద వరి పండేది, ఆ బియ్యం ఎవరి ఇంటికి పోయేదో అందరికీ తెలుసు. మిగతావారికి వరి బువ్వ అంటే పండగ. అందుకే 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు పల్లె సీమ దాన్ని ఆబగా అందుకుంది. ఆ పథకం సిరిధాన్యాలను చంపిందని ఇప్పుడు బాధపడేవారు, సంగటి తప్ప మరో దారి లేని ఇంట్లో అన్నం మెతుకుకు ఉన్న విలువను తక్కువ చేస్తున్నారు. కొర్ర, సామ చేలు తగ్గడానికి బియ్యంతో పాటు శనక్కాయ కూడా అంతే కారణం. ఆ పంటను మాత్రం ఎవరూ నిందించరు, అది మన రుచి అయిపోయింది కదా.

అన్నీ కలిసి వచ్చినవే అయితే సీమకంటూ ఏం మిగిలింది అనేది చివరి అభ్యంతరం. పాళ్లు మిగిలాయి. ఏ గింజకు ఏది జోడీ అన్న తీర్పు మిగిలింది. అదే రాగి కర్ణాటకలో ఉప్పుసారుతో నమలకుండా గొంతులోకి జారుతుంది, ఇక్కడ పలుకుల బిండితో నమిలి తినే ముద్ద అవుతుంది. పుట్టుక పేరు చెప్పి కాపాడుకోబోతే ఈ తీర్పే పోతుంది. లూసియానాలోనే 1980ల్లో పాల్ ప్రుధోమ్ అనే వంటవాడు మసాలా పట్టించి నల్లగా కాల్చిన రెడ్‌ఫిష్ దేశమంతా పాకింది. గిరాకీకి ఆ చేపే కొరవడి, గల్ఫ్ జలాల్లో వ్యాపార వేటను ఆపాల్సి వచ్చింది. హైదరాబాదు హోటళ్లలో నాటుకోడి, సంగటి జంట అలాగే ఒక బొమ్మ అయిపోయింది. దానివల్ల ఉలవకట్టు, కొర్రన్నం, పచ్చిపులుసు మెనూ కార్డు దాకా రానేలేదు. ఇళ్లల్లో సంగటికి ఎక్కువ రోజులు తోడున్నది పప్పూ బిండే, కోడి కాదు.

చిరుధాన్యాలను తిరిగి పొలంలోకి తేవడానికి 1990లో మొదలైన చెన్నేకొత్తపల్లి టింబక్టు కలెక్టివ్ వంటివి ఏళ్ల తరబడి పనిచేశాయి. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం చేసింది. అయినా పట్నం అంగళ్లలో అండుకొర్రల పొట్లాలకు గిరాకీ తెచ్చినవారిలో ముందు చెప్పుకోవాల్సింది మైసూరులో స్థిరపడ్డ ప్రొద్దుటూరు మనిషి డాక్టర్ ఖాదర్ వలీని. ఈ బూడిద దిబ్బల మధ్యే పుట్టి, మడకశిర, పావగడ సరిహద్దు చేలల్లో మాత్రమే ఎలాగో నిలబడ్డ గింజను అనంతపురం వాళ్లు ఇప్పుడు కర్ణాటక మీదుగా వచ్చిన కొత్త ఆరోగ్య ఆహారంగా, రాగి కన్నా ఎక్కువ ధర పెట్టి కొంటున్నారు.