పాత కుటుంబ ఫోటోల పునరుద్ధరణ

వెలిసిపోయిన, చిరిగిన, మరకలు పడిన ఫోటోను స్కాన్ చేసి, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో దాని మొదటి రూపానికి వీలైనంత దగ్గరగా తీసుకురావడమే ఫోటో పునరుద్ధరణ. అసలు కాగితాన్ని ముట్టుకోకుండా పనంతా నకలు మీదే జరుగుతుంది. కాగితాన్నే శుభ్రపరిచి నిలబెట్టే సంరక్షణ విద్య దీనికి భిన్నమైనది. అది మ్యూజియం ప్రయోగశాలల పని. పోయిన భాగాన్ని ఎక్కడినుంచి తెచ్చి పూరించాలన్నదే మొదటినుంచీ ఫోటో పునరుద్ధరణలోని చిక్కు.

కంప్యూటర్‌కు ముందు

1839లో పారిస్‌లో డాగేర్ ఫోటో తీసే పద్ధతి వెల్లడైంది. ఆపై ఇరవై ఏళ్లు నిండకముందే ఫోటోలు వెలిసిపోతున్నాయన్న గోల మొదలైంది. కారణం తేల్చడానికి లండన్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ 1855లో ఒక సంఘాన్ని వేసింది. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ దానికి 50 పౌండ్లు విరాళమిచ్చాడు. సరిగా కడగకపోవడంతో కాగితంలో మిగిలిన హైపో అనే రసాయనం, గాలిలోని గంధకం కలిసి వెండిని తినేస్తున్నాయని ఆ సంఘం తేల్చింది. అదే ఏడు పారిస్ ప్రదర్శనలో మ్యూనిక్ ఫోటోగ్రాఫర్ ఫ్రాంజ్ హాన్‌ఫ్‌స్టెంగెల్ నెగటివ్‌ను రీటచ్ చేసే విద్యను లోకానికి చూపించాడు. ఆ తరువాతి వందేళ్లలో పెన్సిలు, సన్నని కుంచె, ఎయిర్‌బ్రష్ తప్ప పనిముట్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

మన ఊళ్ల స్టూడియోలదీ ఇదే పద్ధతి. చిరిగిన ఫోటోను మళ్లీ ఫోటో తీసి, ఆ కాపీ నెగటివ్‌ను దిద్ది, పెద్దది చేసి పటం కట్టించేవారు. పెళ్లి గ్రూప్ ఫోటోలోంచి తాతగారి ముఖం ఒక్కటే తీసి దండ వేయడానికి పటం చేయించుకున్న ఇళ్లు ఎన్నో. ముఖం చెరిగిన చోట ఆ చిత్రకారుడి చెయ్యే ఆధారం. అందుకే అలాంటి పటాల్లో కళ్లు, కనుబొమలు ఒకే అచ్చులో కనిపిస్తాయి. అసలు నెగటివ్ మిగిలి ఉంటే ఇంత శ్రమ అక్కర్లేదు. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ తీసిన 2,857 గాజు నెగటివ్‌లు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. సాధారణ కుటుంబాలకు ఆ అదృష్టం అరుదు.

తొలి స్కాన్

కంప్యూటర్‌లోకి ఎక్కిన మొట్టమొదటి ఛాయాచిత్రం ఒక కుటుంబ ఫోటోయే కావడం విశేషం. 1957లో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో రస్సెల్ కిర్ష్ తన మూడు నెలల కొడుకు వాల్డెన్ ఫోటోను, తన బృందం తయారుచేసిన స్కానర్‌తో చదివించాడు. ఫోటో 5 సెంటీమీటర్ల చదరం. చిత్రం 176 అడ్డు, 176 నిలువు పిక్సెళ్లు. 1960లలో చంద్రుడి నుంచి వచ్చిన ఫోటోల్లోని మచ్చలను అంతరిక్ష ప్రయోగశాలల్లో తుడిచారు గానీ, ఆ విద్య ఇళ్లదాకా రావడానికి మరో పాతికేళ్లు పట్టింది.

ఫోటోషాప్ కాలం

అసలు మలుపు మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో వచ్చింది. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన గ్లెన్ నాల్ ఇంటి నేలమాళిగలో ఒక డార్క్‌రూమ్ ఉండేది. ఆయన కొడుకులు థామస్, జాన్ ఫోటోలు కడగడం అక్కడే నేర్చారు. 1987లో థామస్ పీహెచ్‌డీ చేస్తుండగా, అతని మాకింటోష్ ప్లస్ తెర నలుపు, తెలుపు చుక్కలను తప్ప బూడిద ఛాయలను చూపలేకపోయేది. ఆ లోటు తీరడానికి ఒక చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాడు. ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్‌లో సినిమాలకు పనిచేస్తున్న జాన్, దాన్ని పెంచి అమ్ముదామని వెంటపడ్డాడు. మొదట బార్నీస్కాన్ అనే స్కానర్‌తోపాటు దాని ప్రతులు ఇంచుమించు 200 బయటికి వెళ్లాయి. 1988లో అడోబీ సంస్థతో ఒప్పందం కుదిరింది. 1990 ఫిబ్రవరి 19న ఫోటోషాప్ తొలి వెర్షన్, మాకింటోష్‌కు మాత్రమే, విడుదలైంది.

డార్క్‌రూమ్‌లో పెరిగినవాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్ అని దాని పనిముట్లే చెబుతాయి. వాటిలో పాత ఫోటోలకు పనికొచ్చినవి ముఖ్యంగా రెండు. మొదటిది లెవెల్స్. డిజిటల్ చిత్రంలో నిండు నలుపు 0, నిండు తెలుపు 255. వెలిసిన ఫోటోలో ఛాయలన్నీ మధ్యలో, 90కీ 200కీ నడుమ అనుకుందాం, ఇరుక్కుని ఉంటాయి. రెండు కొసలనూ లాగగానే ముఖంలో వెలుగునీడలు విడివడతాయి. రంగుల ఫోటోల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లను విడివిడిగా సరిచేయాలి. 1960, 70ల నాటి రంగుల ప్రింట్లు చాలావరకు ఎర్రబారడానికి కారణం, ఆల్బమ్ చీకట్లో ఉన్నా వాటిలోని సయాన్ రంగు ముందుగా చెడిపోవడం. పసుపెక్కిన నలుపు తెలుపు ఫోటోలో మరక నీలం ఛానెల్లో గట్టిగానూ, ఎరుపులో పలచగానూ కనిపిస్తుంది. ఎరుపు ఛానెల్ ఒక్కటే ఉంచుకుంటే సగం పని అయిపోయినట్టే.

రెండోది రబ్బరు స్టాంపు, నేటి క్లోన్ స్టాంప్. రఫూ చేసేవాడు అదే చీర మడతలోంచి పోగు తీసి చిరుగు పూడ్చినట్టు, ఇది ఫోటోలోని మంచి భాగం నుంచి పిక్సెళ్లు తెచ్చి గీత మీద పరుస్తుంది. పూరించేది ఆ ఫోటోలోంచే రావడం దీని గొప్ప. అయితే తెచ్చిన ముక్క వెలుగు, చుట్టుపక్కల వెలుగు కలవకపోతే అతుకు తెలిసిపోతుంది.

1994లో మూడో వెర్షన్‌లో లేయర్లు వచ్చాయి. అసలు స్కాన్ అడుగున చెక్కుచెదరకుండా ఉంటుంది, దిద్దుబాటు పైన ఉంటుంది. 1998లో అయిదో వెర్షన్ హిస్టరీని తెచ్చి, చేసినదాన్ని పలు మెట్లు వెనక్కి తీసుకునే వీలు కల్పించింది. 2000లో మార్సెలో బెర్తాల్మియో, గిల్లెర్మో సపీరో మరి ఇద్దరితో కలిసి సిగ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సభలో సమర్పించిన పత్రం, చిరుగు అంచుల వద్ద ఉన్న రేఖలను లోపలికి పొడిగించి ఖాళీని పూరించే గణితాన్ని వివరించింది.

2002లో ఫోటోషాప్ ఏడో వెర్షన్‌తో వచ్చిన హీలింగ్ బ్రష్ ఈ చరిత్ర మొత్తంలో మేలైన పనిముట్టు. తోదోర్ గియోర్గియెవ్ గణితం దీనికి ఆధారం. ఇది మంచి భాగం నుంచి చర్మపు గరుకును మాత్రమే తెస్తుంది. వెలుగు, రంగులను దెబ్బతిన్న చోటి చుట్టుపక్కల నుంచే తీసుకుంటుంది. బుగ్గ మీది మడత గంటలు కాదు, నిమిషాల్లో పోయింది. అంతకు ఏడాది ముందే కాత్రిన్ ఐస్‌మన్ రాసిన పునరుద్ధరణ పుస్తకం వృత్తివారికి పాఠ్యగ్రంథమైంది. డబ్బు పెట్టలేనివారికి బర్కిలీ విద్యార్థులు 1996లో విడుదల చేసిన గింప్ ఉచితంగా ఉండనే ఉంది. 2010లో ఫోటోషాప్‌కు వచ్చిన కంటెంట్ అవేర్ ఫిల్, ఫోటో అంతా వెతికి సరిపోయే ముక్కలను తనే తెచ్చి అతికించింది. నేలకు, గోడకు అది బాగా పనికొస్తుంది. ముఖానికి పనికిరాదు.

విపత్తులు

2005లో కత్రినా తుపాను తరువాత, వర్జీనియాలోని ఒక పత్రిక ఫోటోగ్రాఫర్లు 2006లో ఆపరేషన్ ఫోటో రెస్క్యూ అనే సంస్థను స్థాపించారు. తడిసిన ఫోటోలను కెమెరాతో కాపీ తీసి, స్వచ్ఛంద సేవకులకు పంపి ఉచితంగా బాగుచేయించారు. 2011 మార్చి 11 సునామీ తరువాత జపాన్‌లో బురదలోంచి ఏరిన లక్షల ఫోటోలను కడిగి, స్కాన్ చేసి, సొంతదారులకు అప్పగించే ప్రయత్నం జరిగింది. న్యూయార్క్ రీటచర్ బెక్కీ మాన్సన్ ఇతర దేశాల రీటచర్లను కూడగట్టి వాటిలో కొన్నింటిని బాగుచేయించింది. ఫ్యాషన్ ప్రకటనల్లో ముడతలు చెరిపే విద్య ఇక్కడ ముడతలను తిరిగి తేవడానికి ఉపయోగపడింది.

కృత్రిమ మేధ

2018లో జేసన్ యాంటిక్ విడుదల చేసిన డీఓల్డిఫై అనే సాఫ్ట్‌వేర్ నలుపు తెలుపు ఫోటోలకు తనంతట తానే రంగులద్దింది. 1957 నాటి మాయాబజార్ సినిమా 2010లో రంగుల్లో విడుదలైనప్పుడు ఏ పట్టుచీర ఏ రంగో మనుషులు కూర్చుని నిర్ణయించారు. డీఓల్డిఫైలో ఊహించేది యంత్రం. ఎరుపు, ఆకుపచ్చ రెండూ నలుపు తెలుపు ఫోటోలో ఒకే బూడిద ఛాయగా పడవచ్చు. కాబట్టి అమ్మమ్మ చీర రంగు ఆ ఫోటోలో లేనే లేదు. 2020లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు గీతలు, వెలిసిన ఛాయలు, మసకలను ఒకేసారి సరిచేసే పద్ధతిని ప్రకటించారు. 2021లో టెన్సెంట్ సంస్థ నుంచి వచ్చిన జీఎఫ్‌పీ గ్యాన్, మసకబారిన ముఖాలను కళ్లు చెదిరేలా స్పష్టం చేస్తుంది. అది ముఖం నేర్చుకున్నది ఫ్లికర్ నుంచి సేకరించిన 70,000 ముఖాల నుంచి. మసకలో పోయిన కనురెప్పలు, పళ్లు వాటి సగటులోంచి వస్తాయి. ఫలితం అందంగా ఉంటుంది. ముత్తాత మాత్రం కాస్త ఇంకెవరిలాగో ఉంటాడు. ఇక్కడ పూరింపు ఫోటో దాటి పరుల ముఖాల్లోంచి వచ్చింది. పాత స్టూడియో పెన్సిలుకూ దీనికీ ఈ విషయంలో దగ్గర పోలికే ఉంది.

ఈ కారణంగానే గ్రంథాలయాలు, ఆర్కైవ్స్‌ సంస్థలు దిద్దని స్కాన్‌ను టిఫ్ ఫైలుగా విడిగా దాచి, దిద్దిన ప్రతిని వాడుకకు మాత్రమే ఉంచుతాయి. ఇళ్లలోనూ అదే మేలు. తేమకు అద్దానికి అంటుకుపోయిన ఫోటోను పీకకుండా అద్దంతో సహా స్కాన్ చేయాలి. పీకితే ముఖం మీది పొర అద్దానికే ఉండిపోతుంది.