గుంటూరు – ప్రకాశం మైదానంలో చలికాలపు జలమట్టాల పరిశీలన

పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానంలో కార్తీకం నుంచి మాఘం వరకు, అంటే నవంబరు మొదలు ఫిబ్రవరి దాకా, వాగులు, కాలువల ప్రవాహాన్నీ, బావులు, బోర్లలోని నీటిమట్టాన్నీ నిర్ణీత పద్ధతిలో కొలిచి నమోదు చేసే పని ఈ వ్యాసానికి విషయం. నది ప్రవాహ నమోదుకు ఈ ప్రాంతంలో నూరేళ్లకు మించిన చరిత్ర ఉండగా, భూగర్భజలాల కొలత 1970 ప్రాంతంలో గాని క్రమబద్ధం కాలేదు. 1904లో ఏర్పడిన గుంటూరు జిల్లా, 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి 1972లో పేరు మారిన ప్రకాశం జిల్లా 2022 పునర్విభజనలో పల్నాడు, బాపట్ల తదితర జిల్లాలుగా మారినప్పటికీ, జలపరిశీలన చరిత్రను పాత సరిహద్దులతో చూడటమే అనుకూలం.

ఋతువు, నేల, పైరు

ఇక్కడి చలికాలపు కొలతకు ఉన్న ప్రాముఖ్యం వానల తీరులో ఉంది. తెలంగాణలో ఏటి వానలో అత్యధిక భాగం నైరుతి రుతుపవనాల వల్ల సెప్టెంబరు లోపే కురిసిపోతుంది. ప్రకాశం జిల్లాలో మాత్రం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వీచే ఈశాన్య రుతుపవనాలు, వాటితో వచ్చే వాయుగుండాలు, తుపానులు నైరుతికి దాదాపు సమానమైన వాన ఇస్తాయి. అందువల్ల దేశంలో అధిక భాగానికి వానకాలం ముగింపును సూచించే నవంబరు కొలత ఈ మైదానపు దక్షిణ భాగంలో వానకాలం నడుమనే పడుతుంది, భూమిలో చేరిన నీటి అసలు నిల్వ జనవరికి గాని తేలదు. సరిగ్గా అదే సమయంలో పైరు నీటి అవసరం పెరుగుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటిన మిరప కాయ పట్టి కోతకు వచ్చే రోజులు, పత్తి తీతలు ముగిసిన చేలలో రెండో పైరు వేయాలా వద్దా అని రైతు తేల్చుకునే రోజులు ఇవే. వాన వెనుదీసి బోర్లు ముందుకు వచ్చే ఈ మలుపులో చదివిన మట్టమే వేసవి తాగునీటికి, రబీ పైరుకు తొలి సూచన అవుతుంది.

నేల స్వభావం కొలతను మరింత చిక్కుగా చేస్తుంది. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. తొలకరి నీరు ఆ బీటల గుండా లోపలికి దిగుతుంది గాని, మట్టి ఉబ్బి బీటలు పూడుకున్నాక కురిసిన వానలో అధిక భాగం పైనే నిలిచి వాగుల పాలవుతుంది. రేగడి కింద గుంటూరు, ఒంగోలు వైపు చార్నొకైట్, గ్రానైటు జాతి గట్టి రాళ్లు, పల్నాడులో సున్నపురాయి, నల్లమల అంచున పలకరాయి, క్వార్ట్‌జైటు, సముద్రతీరాన ఇసుక, ఒండ్రు ఉన్నాయి. గట్టి రాతిలో నీరు పగుళ్లలోనే నిలుస్తుంది కనుక ఒక చేలో ధారగా పోసిన బోరుకు కొద్ది దూరంలోనే మరో బోరు ఎండిపోవడం సాధారణం, ఒక్క బావి మట్టాన్ని చూసి మండలం మొత్తాన్ని అంచనా కట్టడం పొరపాటు. తీరంలోని బాపట్ల, చీరాల ఇసుక నేలల్లో దొరువులు, అంటే ఇసుకలో తవ్విన లోతు తక్కువ గుంటలు, తీయని నీటిని ఇస్తాయి. అక్కడ మట్టంతో పాటు ఉప్పదనాన్నీ చూడవలసిందే, ఎందుకంటే తోడకం మితిమీరితే సముద్రపు నీరు లోపలికి జరుగుతుంది.

కరువు నుంచి గేజీ దాకా

పాత కాలంలో నీటి కొలత చెరువుకే పరిమితం. కలుజు, అంటే చెరువు నిండాక అదనపు నీరు పొర్లిపోయే కట్టు, పారిందా లేదా అన్నదే ఆ ఏటి లెక్క. తూము వద్ద నీరు ఎంత మేర నిలిచిందో చూసి ఆయకట్టులో ఎన్ని ఎకరాలకు నీరు పారించాలో ఊరు నిర్ణయించుకునేది. నల్లమలలో పుట్టి ప్రకాశం జిల్లా మీదుగా బంగాళాఖాతంలో కలిసే గుండ్లకమ్మకు అడ్డంగా, రెండు కొండల నడుమ విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువు ఈ పద్ధతికి పెద్ద ఉదాహరణ. ఆ వ్యవస్థ వరుస వానలేమికి తట్టుకోలేదని నందన నామ సంవత్సరంలో, అంటే 1832–33లో, వచ్చిన గుంటూరు కరువు రుజువు చేసింది. జిల్లా జనాభాలో మూడో వంతు దాకా ప్రాణాలు కోల్పోయిన ఆ ఘోరం, కృష్ణ మీద ఆనకట్ట కావాలన్న వాదానికి అన్నిటికన్నా బలమైన సాక్ష్యంగా నిలిచింది. ఆర్థర్ కాటన్ ప్రేరణతో, కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో 1852 నుంచి 1855 వరకు విజయవాడ వద్ద ఆనకట్ట నిర్మాణం జరిగింది.

ఆనకట్టతో పాటు గేజీ వచ్చింది. గేజీ అంటే అడుగులు, అంగుళాలు గుర్తులు పెట్టి నీటి అంచున నిలిపిన కొలపలక. దాని మీద మట్టం చదివి, కట్టు మీదుగా పొర్లే నీటి మందాన్ని బట్టి ప్రవాహాన్ని లెక్కిస్తారు. సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే దాదాపు 28.3 లీటర్లు, పారితే అది ఒక క్యూసెక్కు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. విజయవాడ వద్ద నీటి సంవత్సరాల వారీగా వాడదగిన ప్రవాహపు వరుస 1894–95 నుంచి దొరుకుతుంది. నీటి సంవత్సరం జూన్ 1న మొదలై మే 31న ముగుస్తుంది గనుక, అందులో చలికాలం దాదాపు నడిమి భాగం.

ఆ వరుస విలువ ఎనభై ఏళ్ల తరువాత బయటపడింది. కృష్ణా జలాలను రాష్ట్రాల మధ్య పంచడానికి 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ 1894–95 నుంచి 1971–72 వరకు గల 78 ఏళ్ల ప్రవాహాన్ని ఆధారం చేసుకుని, నూటికి 75 ఏళ్లలో నమ్మదగిన కృష్ణా జలాలను 2,060 టీఎంసీలుగా గుర్తించి, అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు కేటాయించింది. పొలానికి పెట్టిన నీటిలో కొంత ఊటగా తిరిగి నదికి చేరుతుందని గుర్తించి ఆ మేరకు రాష్ట్రాల వాటాలను పెంచడం ఈ తీర్పులోని ముఖ్యాంశాల్లో ఒకటి. ప్రతిరోజూ కొలపలక చదివి పుస్తకంలో అంకె వేసిన పేరు తెలియని సిబ్బంది శ్రమ మీద మూడు రాష్ట్రాల వాటాలు నిలిచాయన్నది ఈ చరిత్రలో తగిన గౌరవం పొందని విషయం.

కాలువ తెచ్చిన మార్పు

కృష్ణ మీద 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ డ్యాం నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువకు జవహర్ కాలువ అని పేరు. 11,000 క్యూసెక్కుల సామర్థ్యంతో, 203 కిలోమీటర్ల పొడవున పల్నాడు మెట్టను దాటి ప్రకాశం జిల్లాలోకి సాగే ఈ కాలువ నిండుగా పారితే రోజుకు దాదాపు 0.95 టీఎంసీ మోసుకుపోతుంది. తల రెగ్యులేటరు మొదలుకొని మేజరు, మైనరు తూముల వరకు గేజీలు, వాటిని చూసుకునే లస్కర్లు, వరసవారీ నీటి విడుదల ఈ కాలువతో మెట్టప్రాంతానికి వచ్చాయి. వానల మీదే ఆధారపడి పారే ఓగేరు, కుప్పగంజి వంటి వాగుల్లోకి, వాటి నీటిని సముద్రానికి చేర్చే నల్లమడలోకి ఆయకట్టు ఊట చేరడం మొదలైంది. కాలువ పక్క బావుల మట్టం పైకి లేచింది. కాలువ కట్టేసిన కొద్ది వారాలకే దిగింది.

దీనివల్ల చలికాలపు కొలతను చదవడంలో ఒక మెలకువ అవసరమైంది. జనవరిలో నరసరావుపేట వైపు ఒక బావి నిండుగా ఉందంటే అది వాన వల్లనా, కాలువ వల్లనా అని విడదీయకుండా ఆ ఏడు బాగుందని తీర్మానిస్తే, కాలువకు నీరు రాని మరుసటి ఏడు ఆ లెక్క తలకిందులవుతుంది. కృష్ణకు నీరు సరిగా రాని 2000ల తొలి సంవత్సరాల్లో, మళ్లీ 2015–16లో, ఆయకట్టు రైతులు ఈ సంగతిని తమ బోర్లలోనే చూశారు. ఆయకట్టు బావులను, ఆయకట్టు వెలుపలి బావులను వేర్వేరుగా పోల్చినప్పుడే అంకెలకు అర్థం ఉంటుంది.

బావిలోకి దించిన టేపు

దేశవ్యాప్తంగా ఎంపిక చేసిన పరిశీలన బావుల మట్టాన్ని కొలిచే కార్యక్రమం 1969లో మొదలైంది. కేంద్ర భూగర్భజల బోర్డు 1970లో ఏర్పడి, 1972లో భారత భూగర్భ సర్వే సంస్థలోని భూగర్భజల విభాగాన్ని కలుపుకుంది. రాష్ట్ర భూగర్భజల శాఖ 1971లో ప్రారంభమైంది. కేంద్ర బోర్డు ఏడాదికి నాలుగు సార్లు, జనవరిలో, వేసవిలో, ఆగస్టులో, నవంబరులో మట్టాలు చదువుతుంది. వేసవి అంకెకు, నవంబరు అంకెకు మధ్య తేడాను వానకాలపు చేరికగా చూపడం వాడుక. ప్రకాశం విషయంలో ఆ తేడా ఒక్కటే చాలదు; నవంబరు చివర వచ్చే ఒక్క వాయుగుండం ఆ చిత్రాన్ని మార్చేయగలదు కాబట్టి జనవరి అంకెను పక్కన పెట్టి చేసిన అంచనా అసంపూర్ణం.

కొలత చూడటానికి సులువు, చేయడానికి జాగ్రత్త కావాలి. ఉక్కు టేపు చివరి కొన్ని అడుగులకు సుద్ద రాసి బావిలోకి దించుతారు. సుద్ద తడిసిన గుర్తు దాకా ఉన్న పొడవును, బావి ఒర మీద గీసిన స్థిర గుర్తు దగ్గర టేపు చూపిన పొడవు నుంచి తీసివేస్తే నీటి లోతు వస్తుంది. ఒర నేల కన్నా ఎంత ఎత్తు ఉందో అంత మళ్లీ తగ్గిస్తేనే నేలమట్టం నుంచి లోతు తెలుస్తుంది. ఆ తరువాత వచ్చిన విద్యుత్ సౌండరు, తీగ చివర నీటికి తగలగానే శబ్దం చేసి ఈ పనిని తేలిక చేసింది. అసలు కష్టం మోటార్లతో. మిరపకు తడులు పెట్టే రోజుల్లో త్రీఫేజ్ కరెంటు రాగానే చుట్టుపక్కల బోర్లన్నీ ఒక్కసారి నడుస్తాయి. తోడిన బోరు చుట్టూ నీరు గరాటు ఆకారంలో కుంగుతుంది, మోటారు ఆపిన కొన్ని గంటలకు గాని తేరుకోదు. అందుకే కరెంటు రాకముందే కొలిచిన మట్టానికీ, తోడకం మధ్యలో కొలిచిన దానికీ పొంతన ఉండదు. ఈ దోషాన్ని తప్పించడానికే పీజోమీటర్లను, అంటే తోడకానికి వాడకుండా కొలతకే వేసిన సన్నని బోర్లను, 1995లో ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన హైడ్రాలజీ ప్రాజెక్టులో విస్తృతంగా తవ్వి, వాటిలో మట్టాన్ని తమంతట తామే నమోదు చేసే పరికరాలను అమర్చారు.

వాగుల్లో చలికాలపు కొలత వేరే విధంగా కష్టం. కేంద్ర జలసంఘం గుండ్లకమ్మ ప్రవాహాన్ని మారెళ్ల వద్ద కొలుస్తుంది. వరదలో మట్టమే ప్రవాహాన్ని చాలావరకు చెబుతుంది. సన్నని పారకంలో ఇసుక మేట కాస్త జరిగినా అదే మట్టానికి వేరే ప్రవాహం ఉంటుంది. అందుకని వాగుకు అడ్డంగా తాడు కట్టి, వెడల్పును భాగాలు చేసి, ఒక్కో భాగంలో లోతు చూసి, లోతు తక్కువైన చోట పైనుంచి పదింట ఆరు వంతుల లోతులో కరెంటు మీటరు, అంటే నీటి వేగానికి తిరిగే గిన్నెల చక్రం, ఉంచి వేగాన్ని లెక్కించి కలుపుతారు. ఎగువన నాలుగు ఆయిల్ ఇంజన్లు నడిచినా ఆ రోజు అంకె తగ్గుతుంది.

నీటి నాణ్యత పరిశీలనకు కూడా ఈ ప్రాంతం మార్గం చూపింది. అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న దర్శి, పొదిలి, కనిగిరి వైపు బావినీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బును 1937లో వైద్యులు గుర్తించి ప్రకటించారు. భారతదేశంలో ఫ్లోరోసిస్‌పై తొలి నివేదికగా దాన్ని పరిగణిస్తారు.

రైతుల చేతిలోని లెక్క

1995లో నెదర్లాండ్స్ సాయంతో మొదలైన ఏపీవెల్ పథకం మెట్టప్రాంతపు చిన్న రైతులకు సామూహిక బోర్లు వేయించగా, దాని అనుభవం మీద 2003 తరువాత వచ్చిన రైతుల భూగర్భజల నిర్వహణ పథకం కొలతనే రైతులకు అప్పగించింది. ప్రకాశంతో కలిపి ఏడు జిల్లాల్లో నడిచిన ఈ పథకంలో రైతులు, వారిలో గణనీయంగా మహిళలు, వానమాపకాన్ని రోజూ, పరిశీలన బోర్ల మట్టాన్ని పక్షానికోసారి చదివి ఊరి గోడ మీద రాసేవారు. రబీకి ముందు వాగు పరీవాహక ప్రాంతం వారంతా కూడి, భూమిలో ఉన్న నీరు ఎంత, వేయదలచిన పైర్లకు కావలసినది ఎంత అని లెక్క కట్టేవారు. దీన్ని పంటల నీటి బడ్జెట్టు అన్నారు. లోటు తేలినా ఎవరినీ శాసించే అధికారం ఆ సభకు లేదు. వరి తగ్గించి ఆరుతడి పైర్లకు మళ్లడం రైతు ఇష్టానికే వదిలారు. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం బోర్ల అనుమతికి నిబంధనలు పెట్టింది గాని, రైతు తన చేత్తో కొలిచిన అంకె మీద కలిగిన నమ్మకం చట్టం వల్ల కలిగేది కాదు.

ఇటీవలి కాలం

రాష్ట్ర విభజన తరువాత కృష్ణా నదీ యాజమాన్య బోర్డు ఏర్పడటంతో కుడి కాలువ తల వద్ద పారే ప్రతి క్యూసెక్కు రెండు రాష్ట్రాల లెక్క అయింది. 2023 నవంబరు చివర ఆంధ్రప్రదేశ్ యంత్రాంగం సాగర్ డ్యాం సగం గేట్లను తన అధీనంలోకి తీసుకుని కుడి కాలువకు నీరు వదలడం, కేంద్రం జోక్యంతో కేంద్ర బలగాలు అక్కడ మోహరించడం చలికాలపు నీటి విలువను దేశమంతా చూసేలా చేశాయి. ఆ వెంటనే డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటి, కోతకు వచ్చిన వరిని, పూత, కాయ మీదున్న మిరపను ముంచింది. మద్దిపాడు మండలం మల్లవరం వద్ద సుమారు 3.86 టీఎంసీల సామర్థ్యంతో, 80 వేల ఎకరాల ఆయకట్టుతో కట్టిన గుండ్లకమ్మ జలాశయంలో 2022 ఆగస్టులో ఒక గేటు కొట్టుకుపోయి ఉండగా, ఈ తుపాను వెంటనే మరొకటి పోయింది. రబీకి నిలవవలసిన నీరు సముద్రం పాలైంది. వాగులో ప్రవాహపు అంకె గరిష్ఠంగా ఉన్న నెలలోనే జలాశయపు మట్టం పడిపోయిన ఆ ఏడాది, ప్రవాహాన్నీ నిల్వనూ బావులనూ ఒకే పట్టికలో చూడవలసిన అవసరాన్ని బాగా తెలియజేస్తుంది. ప్రస్తుతం భూగర్భజల, జలగణన శాఖగా వ్యవహరిస్తున్న రాష్ట్ర శాఖ పీజోమీటర్ల నుంచి, జలవనరుల శాఖ జలాశయాల నుంచి వచ్చే మట్టాలను రోజువారీగా సేకరిస్తున్నాయి.