స్వామికి పందిరి – సాటివానికి ఇల్లు



గోదావరికి ఆ గట్టున భద్రాద్రి, ఈ గట్టున మన సారపాక. ఈ తీరచరిత్రమును పరిశీలించినచో, నిలువ నీడ లేనివారికి నీడ కల్పించుట యను ధర్మము ఆదినుండియు ఇచట కనబడుచున్నది. ఆ విషయమునే నేడు విన్నవింపదలచితిమి.

స్థలపురాణము ననుసరించి, పుట్టలోనున్న స్వామిని తొలుత కనుగొన్నది పోకల దమ్మక్క. ఆమె సంపన్నురాలు కాదు. గోదావరీజలముతో అభిషేకించి, తాటిపండ్లు నివేదించి, ఆకులతో పందిరి వేసినది. లోకములకెల్ల నీడయైన స్వామికి ఇచట తొలినీడ నిచ్చినది ఒక పేదరాలు! పదునేడవ శతాబ్దమున పాల్వంచ పరగణా తహశీల్దారు కంచర్ల గోపన్న ఆలయమును నిర్మింపజేసి, గోల్కొండ చెరసాలలో బాధల ననుభవించెను. పందిరి ముందు, ప్రాకారము తరువాత. ఈ క్రమమును మనము మరువరాదు.

ఇక ఆదికావ్యమును స్మరింతము. అరణ్యకాండమున పంచవటిని చేరిన రాముడు పర్ణశాలకు తగిన తావును చూడుమని లక్ష్మణునితో చెప్పెను. లక్ష్మణుడు, “స్థలమును తామే నిర్ణయింపుడు, నేను కట్టెదను” అను భావముతో బదులు పలికెను. రాముడు తమ్ముని చేయి పట్టుకొని సమతలమైన చోటును చూపెను. గోదావరి ఆ చోటికి మిక్కిలి దూరమును కాదు, మిక్కిలి దగ్గరయును కాదు. పర్ణశాల పూర్తియైన పిమ్మట, ఇచ్చుటకు వేరేమియు లేక రాముడు తమ్ముని కౌగిలించుకొనెను.

ఇందు రెండు నీతులున్నవి. ఇంటిలో నివసింపబోవువాడే చోటును ఎంచవలెను. ఏటికి దూరమైనచో జీవనము సాగదు. మిక్కిలి చేరువైనచో ప్రాణమునకే అపాయము.

రెండవ నీతిని గోదావరియే మనకు మరల మరల బోధించినది. భద్రాచలము వద్ద నీటిమట్టము 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 1990లో 70.8 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు చేరినది. మూడవ ప్రమాదహెచ్చరిక 53 అడుగులకే కదా! 2022లో వంతెనపై రాకపోకలు నిలిచినవి. వేలాది జనులు పునరావాస కేంద్రములలో తలదాచుకొనిరి. వరద తీసిన పిదప పలువురు మరల ఆ పల్లపు చోట్లకే చేరిరి. కూలి దొరకునది అచటనే గదా! 1965 నాటి వంతెనయు, 1970వ దశకమున వెలసిన కాగితపు కర్మాగారమును సారపాకకు బ్రతుకుతెరువు తెచ్చినవి. తెరువు వెదకుచు వచ్చినవారందరికిని మెరక స్థలము దొరకునా?

2022 జూలైలో ముఖ్యమంత్రి భద్రాచలమునకు వచ్చి, మెరకపై శాశ్వత గృహములకై వేయి కోట్ల రూపాయలను ప్రకటించిరి. 2024 మార్చి 11న ఇందిరమ్మ ఇండ్ల పథకము భద్రాచలముననే ఆరంభమైనది. స్వంత స్థలము గలవారికి అయిదు లక్షల రూపాయల సహాయము అందు చెప్పబడినది. స్థలమే లేనివాని కష్టము అంతకంటె పెద్దది. మన్యసీమలో 1970 నాటి భూబదలాయింపు నిబంధన గిరిజనుల భూమికి రక్షణగా నున్నది. ఒకరి గూడు కొరకు మరియొకరి నేలను హరించుట ధర్మము కాజాలదు. కావున ఈ కార్యమున ఓర్పును, అధికారులతో సంప్రదింపును ఆవశ్యకములు.

మరి మనమేమి చేయవలెను? చదువు వచ్చినవారు గూడు లేనివాని అర్జీని వ్రాసిపెట్టి, కాగితములను సమకూర్పవలెను. తాపీపని, వడ్రంగము తెలిసినవారు కొన్నిదినముల శ్రమ నీయవలెను. కలిగినవారు ఇటుకయో, సిమెంటో, పైకప్పు రేకులో ఈయవలెను. వానకాలమునకు ముందే పల్లపువాడల వృద్ధులను, గర్భిణులను గుర్తించి, ఎవరింట ఎవరికి చోటో నిశ్చయించుకొనవలెను. అన్నిటికంటె ముందు వారిని కూర్చుండబెట్టి, “మీకు ఎచట అనుకూలము?” అని అడుగవలెను. లక్ష్మణుడు అడిగినది అదియే.

మేము వేదము చదువుకొన్న వృద్ధులము. ఇటుక మోయు శక్తి మాకు లేదు. అయినను గృహప్రవేశమునకు పిలిచినచో సంభావన కోరక వచ్చి మంత్రము చెప్పెదము. దమ్మక్క వేసిన పందిరి క్రింద నిలిచిన స్వామి, మనము కట్టు చిన్న గూటియందును ప్రసన్నుడై వసించుగాక!

స్వస్తి.