టూ-స్ట్రోక్ మోటారు సైకిలు పిస్టన్ కొలత, అరుగుదల

టూ-స్ట్రోక్ మోటారు సైకిలు ఇంజనులో సిలిండరు లోపల పైకి, కిందికి కదులుతూ ఇంధన దహనం వల్ల కలిగే ఒత్తిడిని క్రాంక్ షాఫ్టుకు అందించే లోహభాగాన్ని పిస్టన్ అంటారు. పాత ఇంజనును బాగు చేసే ముందు అందులో ప్రస్తుతం ఏ కొలత పిస్టన్ ఉన్నదో, అది ఎంత అరిగినదో నిర్ణయించుట అవసరం. కొలత తప్పితే పిస్టన్ సిలిండరులో పట్టేసి, నడుస్తున్న బండి వెనుక చక్రం హఠాత్తుగా ఆగిపోయే ప్రమాదం ఉంది. పైగా ఒకసారి బోరింగ్ చేయించిన సిలిండరుకు పోయిన లోహం తిరిగి రాదు.

నేపథ్యం

మైసూరులో ఐడియల్ జావా సంస్థ 1961 నుండి 1996 వరకు జావా, ఎజ్డీ మోటారు సైకిళ్ళను తయారు చేసింది. యమహా ఆర్.ఎక్స్.100 మన దేశంలో 1985 నుండి 1996 వరకు తయారైంది. తెలుగునాట ఈ బండ్లను నేటికీ భద్రపరచుకొని నడుపుతున్నవారు ఉన్నారు. 2018లో జావా, 2022లో ఎజ్డీ పేర్లతో తిరిగి వచ్చిన బండ్లు ఫోర్-స్ట్రోక్ రకానికి చెందినవి. వాటి పిస్టన్లు పాత బండ్లకు పనికిరావు.

ప్రామాణిక కొలతలు

జావా 250 ఇంజను బోరు 65 మి.మీ., స్ట్రోకు 75 మి.మీ. దీని ఘనపరిమాణం సుమారు 248.9 ఘ.సెం.మీ. ఆర్.ఎక్స్.100లో ఈ రెండూ 50 మి.మీ.లే, ఘనపరిమాణం సుమారు 98.2 ఘ.సెం.మీ. సిలిండరు అరిగినపుడు దానిని సాధారణంగా 0.25 మి.మీ. చొప్పున పెద్దది చేసి, అందుకు తగిన ఓవర్‌సైజు పిస్టన్ వేస్తారు. ఆ లెక్కన జావాకు 65.25, 65.50, 65.75, 66.00 అనే వరుస వస్తుంది. చివరి కొలత కూడా దాటిన సిలిండరుకు కొత్త లైనరు వేయించవలసి ఉంటుంది.

కొలతను గుర్తించు విధానం

పిస్టన్ తలపై మసిని కిరోసినుతో నానబెట్టి, చెక్కముక్కతో మెల్లగా తొలగిస్తే అంకెలు కనిపిస్తాయి. కొన్ని పిస్టన్లపై 25, 50 వంటి అంకెలు మాత్రమే ఉంటాయి. ఇవి మిల్లీమీటరులో నూరో వంతులలో ఓవర్‌సైజును తెలుపుతాయి. మరికొన్నింటిపై బోరు కొలత గాని, పిస్టన్ అసలు వ్యాసం గాని ఉంటుంది. అసలు వ్యాసం బోరు కంటే కొద్దిగా తక్కువ కనుక ఈ తేడాను గమనించాలి. తలపై బాణం గుర్తు ఉంటే, అది సాధారణంగా పొగ బయటకు పోయే వైపు ఉండాలి.

అంకెలు చెరిగిపోయినచో సిలిండరు పైఅంచున రింగులు తాకని సన్నని పట్టీని కొలవాలి. అక్కడ అరుగుదల ఉండదు కాబట్టి చివరిసారి చేసిన బోరు కొలత తెలుస్తుంది.

పిస్టన్ తల వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది. అందువల్ల దానిని కింది భాగం కంటే సన్నగా చేస్తారు. కాబట్టి తల వద్ద కొలిస్తే లెక్క తప్పుతుంది. పిస్టన్ పిన్నుకు లంబదిశలో, స్కర్టు కింది అంచుకు కొద్దిగా పైన, తయారీదారు చెప్పిన ఎత్తులో మైక్రోమీటరుతో కొలవాలి.

అరుగుదల లెక్క

సిలిండరును పైన, మధ్యన, కింద మూడు చోట్ల, ఒక్కొక్క చోట రెండు దిశలలో బోరు గేజితో కొలుస్తారు. అన్నిటికంటే పెద్ద కొలత నుండి పిస్టన్ వ్యాసాన్ని తీసివేస్తే సందు తెలుస్తుంది. ఉదాహరణకు 65.25 బోరులో పెద్ద కొలత 65.31, పిస్టన్ 65.17 అయితే సందు 0.14 మి.మీ. ఇది కొత్త ఇంజనులో ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువ. అరుగుదల 65.25ను దాటినందున కేవలం రింగులు మార్చి ప్రయోజనం లేదు, 65.50కు బోరింగ్ చేయించాలి. కొత్త పిస్టన్‌ను ముందుగా కొని, దానిని కొలిచి, నిర్ణీత సందు వచ్చేలా బోరింగ్ చేయించుట సరియైన పద్ధతి.

రింగును ఒంటరిగా సిలిండరులో ఉంచి, పిస్టన్ తలతో సమంగా లోపలికి నెట్టి, దాని కొసల మధ్య ఎడాన్ని ఫీలర్ గేజితో చూడాలి. టూ-స్ట్రోక్ పిస్టన్ గాడిలో చిన్న పిన్ను ఉంటుంది. రింగు కొసలు తిరిగి పోర్టులలో చిక్కుకోకుండా అది ఆపుతుంది. ఈ పిన్ను వదులైతే ఆ పిస్టన్ వాడరాదు.

అరుగుదల లక్షణాలు

* కిక్ రాడ్డు తేలికగా దిగిపోవుట, ఎత్తుపై బండి లాగలేకపోవుట.
* ఇంజను చల్లగా ఉన్నపుడు టకటక శబ్దం వచ్చి, వేడెక్కాక తగ్గుట.
* రింగుల కింద గోధుమరంగు మరకలు.
* గాలి వచ్చే వైపు స్కర్టు మసకబారి అరుగుట. ఇది ధూళి ప్రవేశించినదనుటకు గుర్తు.
* పొగ పోయే వైపు నిలువు గీతలు. నూనె చాలకపోవుట, అధిక వేడి దీనికి ముఖ్య కారణాలు.

నూనె పెట్రోలుతో పాటు మండుతుంది కనుక కొద్దిపాటి పొగను మాత్రమే చూసి పిస్టన్ అరిగినదని నిర్ణయించరాదు. కొవ్వూరు వంటి గోదావరి తీర ప్రాంతాలలో ఇసుక రేణువులు గట్టి శత్రువులు. గాలి వడపోత చిరిగితే అవి నేరుగా సిలిండరులోకి చేరుతాయి.

జాగ్రత్తలు

వ్యాసం ఒకటే అయినంత మాత్రాన పిస్టన్ సరిపోదు. పిన్ను మందం, పిన్ను నుండి తల వరకు ఎత్తు, రింగుల సంఖ్య, స్కర్టు పొడవు, కిటికీల స్థానం కూడా సరిపోవాలి. జావా వంటి ఇంజనులలో పోర్టులను మూసి తెరిచేది పిస్టనే కనుక స్కర్టు పొడవు మారితే ఇంజను నడకే మారిపోతుంది. అందువల్ల పాత పిస్టన్‌ను పారవేయకుండా దుకాణానికి వెంట తీసుకువెళ్ళి, రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చుకొనుట మంచిది.