మిడిల్‌మార్చ్‌లో ఇల్లు కొందామా? నీళ్లు, దూరం, కాగితాల లెక్క

డునెడిన్‌లో ఇల్లు కొనడం తలకు మించిన పని అనిపించినప్పుడు మన వాళ్లు అనే మాట ఒకటుంది: "ఊరి బయట పల్లెల్లో చూడకూడదా? నాలుగు మొక్కలు పెట్టుకోవచ్చు, కోళ్లు పెంచుకోవచ్చు." మేమూ అదే ఆశతో కొన్నాళ్లు తిరిగాం. మిడిల్‌మార్చ్‌లో ఒక ఇంటికి షరతులతో సంతకం దాకా వెళ్లాం. అప్పుడు తెలుసుకున్న సంగతులు ఇవి.

మిడిల్‌మార్చ్ డునెడిన్ నుంచి సుమారు 80 కిలోమీటర్లు. మాస్గిల్, అవుట్‌రమ్ దాటి 87వ నంబరు స్టేట్ హైవే మీద వెళ్లాలి. అంత దూరమున్నా డునెడిన్ సిటీ కౌన్సిల్ పరిధిలోదే. చుట్టూ గొర్రెలు, పశువుల మేత పొలాలు, పక్కన రాక్ అండ్ పిల్లర్ కొండలు. జనాభా వందల్లోనే. మూతబడిన రైలు దారిని సైకిల్ బాటగా మార్చి 2000లో తెరిచిన ఒటాగో సెంట్రల్ రైల్ ట్రెయిల్ ఇక్కణ్నుంచి క్లైడ్ దాకా 152 కిలోమీటర్లు పోతుంది. వేసవిలో ఊళ్లో కనిపించే సందడి చాలావరకు ఆ సైకిళ్లదే. శీతాకాలంలో వెళ్లి చూడండి, అసలు ఊరు అప్పుడు కనిపిస్తుంది. మేము వెళ్లిన రోజు మధ్యాహ్నానికి కూడా నీడలో మంచు కరగలేదు.

ముందు ఎవరు కొనొచ్చో చూద్దాం. 2018లో మార్చిన ఓవర్సీస్ ఇన్వెస్ట్‌మెంట్ చట్టం ప్రకారం వర్క్ వీసా, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు మామూలుగా ఇక్కడ ఇల్లు కొనలేరు. రెసిడెంట్ వీసా ఉండి, ఏడాదిగా ఇక్కడే కాపురం ఉంటూ, గడిచిన 12 నెలల్లో కనీసం 183 రోజులు దేశంలో ఉండి, పన్నుల లెక్కలోనూ ఇక్కడివారైతే కొనొచ్చు. ఊరి హద్దుల బయట 5 హెక్టార్లు, అంటే పన్నెండు ఎకరాల పైచిలుకు, దాటిన భూమికి నిబంధనలు వేరుగా ఉంటాయి. అది లాయరుతో మాట్లాడాల్సిన విషయం.

హక్కు విషయంలో మాత్రం మన దగ్గరికంటే ఇక్కడ నిద్ర పడుతుంది. ఇక్కడిది టోరెన్స్ పద్ధతి. రిజిస్టరులో ఎవరి పేరుంటే వారే యజమాని, దానికి ప్రభుత్వం పూచీ. ముప్పై ఏళ్ల ఈసీ తీయించి, లింకు దస్తావేజులు వెతికే పని లేదు. స్టాంపు డ్యూటీ కూడా 1999లోనే ఎత్తేశారు. పాత లెక్కలో పావు ఎకరం స్థలమంటే సుమారు 1012 చదరపు మీటర్లు, మన 25 సెంట్లు, 1210 గజాలు. ఊళ్లో ఫోన్లో చెప్తే ఎవరైనా కళ్లు పెద్దవి చేస్తారు.

కానీ హక్కు బాగున్నంత మాత్రాన స్థలం బాగున్నట్టు కాదు. కౌన్సిల్ ఇచ్చే లిమ్ రిపోర్టు తప్పక తీయించండి. కట్టడాలకు ఇచ్చిన అనుమతులు, డ్రైనేజీ, కౌన్సిల్‌కు తెలిసిన వరద ముప్పు అందులో ఉంటాయి. టైరీ మైదానం వైపు చూసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. 1980 జూన్ వరదకు మొమోనాలోని విమానాశ్రయమే వారాల తరబడి మూతపడింది. ఇన్సూరెన్స్ దొరుకుతుందో లేదో కూడా ఒప్పందం ఖాయం కాకముందే అడగండి. అది లేకుండా బ్యాంకు అప్పు రాదు.

ఇక మమ్మల్ని ఆపిన సంగతి నీళ్లు. మిడిల్‌మార్చ్‌లో మురుగు కాలువల వ్యవస్థ ఉంది గానీ కౌన్సిల్ కొళాయి నీళ్లు లేవు. అవుట్‌రమ్‌లో తిరగేసి ఉంటుంది: కొళాయి ఉంది, మురుగుకు ఎవరి సెప్టిక్ ట్యాంకు వారిదే. మిడిల్‌మార్చ్‌లో వాన నీటి ట్యాంకో, బోరో ఉండాలి. ఏజెంటు "పెద్ద ట్యాంకు ఉంది" అన్నాడు. ట్యాంకు పెద్దదైతే సరిపోదు, అందులో పడే వాన ఎంతన్నది లెక్క. అక్కడ ఏడాదికి సుమారు 500 మిల్లీమీటర్ల వాన. దాదాపు అనంతపురం వాన అనుకోండి. ఆ ఇంటి పైకప్పు 150 చదరపు మీటర్లు. ఒక్క చుక్క పోకుండా పట్టినా ఏడాదికి 75,000 లీటర్లు. నలుగురం, మనిషికి రోజుకు 100 లీటర్లే వాడినా 1,46,000 లీటర్లు కావాలి. సగం నీళ్లు ట్యాంకరుతో తెప్పించుకోవాలన్నమాట. గోంగూర మడి సంగతి చెప్పనక్కర్లేదు. డిగ్రీలో చదివిన కెమిస్ట్రీ ఇన్నాళ్లకు వంటింటి బయట పనికొచ్చిందని మా వారు నవ్వారు.

బోరు ఉంటే మేలే, కానీ నీటిని ల్యాబుకు పంపాలి. సూక్ష్మజీవులు కాచితే చస్తాయి. పొలాల ఎరువుల నుంచి, పశువుల నుంచి దిగే నైట్రేటు కాచితే పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. నైట్రేట్-నైట్రోజన్‌కు ఇక్కడి తాగునీటి పరిమితి లీటరుకు 11.3 మిల్లీగ్రాములు. సీసా పాలు తాగే పసిపిల్లలున్న ఇంట్లో దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

దూరం లెక్క చిన్నదే. రోజుకు రానూపోనూ 160 కిలోమీటర్లు, వారానికి ఐదు రోజులు, ఏడాదికి 48 వారాలు: 38,400 కిలోమీటర్లు. డీజిల్ కారైనా, ఎలక్ట్రిక్ కారైనా వెయ్యి కిలోమీటర్లకు 76 డాలర్ల రోడ్డు చార్జీ చొప్పున అదే దాదాపు 2,900 డాలర్లు. ఇంధనం, టైర్లు వేరు. పిల్లలకు ప్రైమరీ బడి ఊళ్లోనే ఉంది, హైస్కూలుకు మాస్గిల్ వైపు చూసుకోవాలి.

డబ్బు చాలక మామయ్యగారు తెనాలి దగ్గరి ఎకరంన్నర మాగాణి అమ్మి పంపుతానన్నారు. "అక్కడ మీకు పొలం వస్తుంటే ఇక్కడిది ఎందుకమ్మాయ్?" అన్నారు. నాకు భయమేసింది అక్కడే. ఫెమా నిబంధనల ప్రకారం విదేశంలో స్థిరపడిన మనం ఇండియాలో వ్యవసాయ భూమి కొనలేం, దానంగా కూడా తీసుకోలేం, వారసత్వంగా మాత్రమే రావచ్చు. అంటే ఆ ఎకరంన్నర ఒకసారి అమ్మితే, రేపు మా దగ్గర ఎంత డబ్బున్నా తిరిగి కొనే దారి లేదు. కాలవ కింది పొలం అమ్మి, ట్యాంకరు నీళ్ల ఇల్లు కొనడమా? మా ఆయనకు కొండలు నచ్చాయి, వారం రోజులు ఇంట్లో మాటలు తక్కువయ్యాయి.

మేము పెట్టిన ఆఫరులో లిమ్, బిల్డర్ రిపోర్టు, బ్యాంకు అప్పుతో పాటు డ్యూ డిలిజెన్స్ షరతు కూడా రాయించడం మంచిదైంది. గడువులోపు లాయరు ద్వారా వెనక్కి తగ్గాం, అడ్వాన్సు వెనక్కి వచ్చింది. వేలంలో కొని ఉంటే ఈ వెసులుబాటు ఉండేది కాదు. సుత్తి పడితే షరతుల్లేవు, అక్కడికక్కడే సాధారణంగా పది శాతం కట్టాలి.

ఇంటి నుంచే ఉద్యోగం చేసేవాళ్లకు, మంచి బోరున్న ఇల్లు దొరికితే, మిడిల్‌మార్చ్ కాదనను. మేము మాత్రం ఇప్పుడు మాస్గిల్‌లో చిన్న ఇల్లు ఒకటి చూశాం. లిమ్‌కు దరఖాస్తు పెట్టాం, పది పనిదినాల్లో వస్తుంది. మామయ్యగారు ఈసారీ నాట్లు వేయించారు.