చారాణా మైనం, బారాణా డబ్బా

కారుకి రాసే మైనం డబ్బా ఒకటి రెండు వేల డాలర్ల పైన పలికిందంటే నమ్ముతారా? జైమాల్ అనే అమెరికన్ కంపెనీ 'వింటేజ్' పేరుతో అలాంటి డబ్బా అమ్మింది. ఒకసారి కొంటే ఖాళీ అయినప్పుడల్లా జీవితాంతం ఉచితంగా నింపి ఇస్తామని హామీ కూడా. స్విట్జర్లాండుకి చెందిన స్విస్‌వాక్స్ వాళ్ళ ఖరీదైన డబ్బాలు కూడా తక్కువేం తినలేదు. మరో పక్క అమెరికాలో ఏ మామూలు షాపుకెళ్ళినా చిల్లర డబ్బులకి వాక్స్ డబ్బా దొరుకుతుంది. ఈ రెండింటి మధ్య తేడాకి అంత పెట్టొచ్చా అన్నదే ప్రశ్న.

దీనికి జవాబు చరిత్రలో ఉంది. చదివిన కొద్దీ నాకు అర్థమైంది ఒకటే. కారుకి మైనంతో అవసరం తగ్గుతూ వచ్చింది, దాని ధర మాత్రం పెరుగుతూ వచ్చింది. మన భాషలో చెప్పాలంటే, బగ్ ఫిక్స్ అయిపోయాక వర్క్‌అరౌండ్‌ని ప్రీమియం ఎడిషన్ చేసి అమ్మడం అన్నమాట :)

ముందు ఆ బగ్ ఏమిటో చూద్దాం.

తొలినాటి కార్లకి గుర్రపు బగ్గీలకి వేసినట్టే బ్రష్షుతో, పొర మీద పొరగా వార్నిష్ వేసేవాళ్ళు. ఒక పొర ఆరితే గానీ ఇంకో పొర వెయ్యడానికి లేదు. అలా ఒక్కో కారుకి వారాలు పట్టేది. కారు బిగించడం గంటల్లో అయిపోతున్న రోజుల్లో రంగు ఆరడానికి వారాలంటే ఫ్యాక్టరీ గతి ఏం కాను? ఫోర్డ్ మోడల్ టి 1914 నుంచి 1925 దాకా నలుపు రంగులోనే వచ్చింది. ఆ ముడి విప్పింది డూపాంట్ కంపెనీ తెచ్చిన 'డ్యూకో' అనే నైట్రోసెల్యులోజ్ లాకర్ (బ్యాంకు లాకర్ కాదండోయ్). జనరల్ మోటార్స్ దీన్ని 1923లో ఓక్‌లాండ్ అనే కారు మీద, 1924 మోడళ్ళకి, మొదట వాడింది. వారాల పని గంటల్లోకి వచ్చేసింది. రంగురంగుల కార్లొచ్చాయి.

కానీ వచ్చిన చిక్కేమిటంటే, ఈ పెయింటు ఎండకీ గాలికీ తట్టుకోలేదు. కొన్నాళ్ళకే మెరుపు పోయి, చెయ్యి పెడితే సుద్దపొడిలా అంటుకునేది. రంగూ అదే, రక్షణ కవచమూ అదే. పైన వేరే పొర లేదు. కాబట్టి పాడైన పై భాగాన్ని రుద్ది తీసెయ్యాలి, మళ్ళీ పాడవకుండా మైనం పట్టించాలి. అంటే అప్పట్లో వాక్స్ సోకు కాదు, మందు. 1910లో మొదలైన సైమొనైజ్ కంపెనీ పేరు ఇంగ్లీషులో క్రియాపదమైపోయి డిక్షనరీల్లోకి ఎక్కిందంటే ఆ అవసరం ఎంతటిదో ఊహించుకోండి. 1940లలో షికాగోలో బెన్ హిర్ష్ అనే ఆయన ప్లాస్టోన్ అనే పాలిష్ తయారుచేసి అమ్మాడు. అదే తర్వాత టర్టిల్ వాక్స్ అయింది. ఇవన్నీ సామాన్యుడి సరుకులే. ఆదివారం పూట ఇంటి ముందు కూర్చుని రుద్దుకునేవాడి కోసం చేసినవి.

ఇక్కడ మందులో ముఖ్యమైన దినుసు గురించి చెప్పాలి. దాని పేరు కార్నౌబా. ఈశాన్య బ్రెజిల్లో, సియరా, పియావీ రాష్ట్రాల్లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు అది. ఆకులు మన తాటాకుల్లాగే విసనకర్రలా ఉంటాయి. ఎండాకాలంలో నీళ్ళు ఆవిరైపోకుండా ఆ చెట్టు తన ఆకులకి తనే మైనం పూసుకుంటుంది. జనం ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపి, ఆ పొడిని కరిగించి వడకట్టి గడ్డలు చేస్తారు. సహజ మైనాల్లో బాగా గట్టివాటిలో ఇదొకటి. 82 నుంచి 86 డిగ్రీల దగ్గర గానీ కరగదు. బూట్ పాలిష్, నేలకి రాసే పాలిష్, మందుబిళ్ళల మీద మెరుపు, మిఠాయిల మీద నిగారింపు, అన్నిట్లోనూ ఇదే.

దీని కోసం విమానాలు కూడా కదిలాయి. అమెరికాలోని రసీన్ ఊళ్ళో నేలకి రాసే మైనం అమ్మి పైకొచ్చిన జాన్సన్ కంపెనీ అధిపతి హెచ్.ఎఫ్. జాన్సన్ 1935లో సికోర్‌స్కీ ఎస్-38 విమానంలో బ్రెజిల్ దాకా వెళ్ళాడు. తన వ్యాపారానికి ఆధారమైన ఆ చెట్ల సంగతేమిటో స్వయంగా చూద్దామని. 1998లో ఆయన కొడుకు శామ్ అదే నమూనా విమానం కట్టించుకుని తండ్రి వెళ్ళిన దారిలోనే మళ్ళీ వెళ్ళొచ్చాడు.

ఇక బగ్ ఎలా ఫిక్స్ అయిందో చూడండి. 1950ల చివర్లో అక్రిలిక్ లాకర్లు వచ్చాయి, పాతవాటికన్నా నయం. అసలు మార్పు 1980ల నుంచి. రంగు ఒక పొర, దాని మీద రంగులేని క్లియర్‌కోట్ ఇంకో పొర. ఈ పైపొర మందం సుమారు 40-50 మైక్రాన్లు. అతినీలలోహిత కిరణాలని పీల్చుకునే రసాయనాలు అందులోనే కలిపేశారు. అంటే ఒకప్పుడు మనం నెలనెలా చేతితో పూసుకున్న రక్షణ ఫ్యాక్టరీలోనే పూసి పంపించేస్తున్నారు. సుద్దలా రాలడం అనే పాత రోగం దాదాపుగా పోయింది.

సరిగ్గా ఈ కాలంలోనే ఖరీదైన వాక్స్‌లు పుట్టుకొచ్చి పెరిగాయి! రోగం పోయాక మందు మందుగా అమ్ముడుపోదు కదా. అందుకని అది అత్తరు అయింది. వాసనకి రకరకాల నూనెలు, చేత్తో కలిపామన్న కబుర్లు, అందమైన సీసా, "ఇంత శాతం కార్నౌబా" అన్న లెక్క. ఈ శాతాలు చాలాసార్లు ఘనపరిమాణంలో చెప్పేవి, బరువులో కాదు. అసలు శుద్ధ కార్నౌబా గాజుగడ్డలా పెళుసుగా ఉంటుంది, పుయ్యడానికే రాదు. నూనెలో, ద్రావకాలో కలిపి మెత్తబరచాల్సిందే. పూశాక ద్రావకం గాల్లో కలిసిపోతుంది.

సరదాగా ఒక లెక్క వేద్దాం. కారు పైభాగం 10 చదరపు మీటర్లనుకోండి. మైనం పొర ఒక మైక్రాన్ మందం అనుకోండి (నిజానికి ఇంకా పల్చగా ఉంటుంది). మొత్తం 10 ఘన సెంటీమీటర్లు, అంటే దగ్గరదగ్గర 10 గ్రాములు. కార్నౌబా కిలో పది డాలర్లే అనుకున్నా, కారుకి అంటుకునే మైనం విలువ పది సెంట్లు! చారాణా కోడికి బారాణా మసాలా అంటే ఇదే.

పోనీ ఆ మిగతా డబ్బులు ఆకులు కోసేవాడికి అందుతాయా? 2017లో జర్మనీ టీవీ ఏఆర్‌డీ ఒక డాక్యుమెంటరీ వేసింది. కార్నౌబా తోటల్లో కూలీలకి రోజుకి 40 రియాలు, అంటే సుమారు 12 డాలర్లు ఇస్తున్నారని, కొందరు ఆరుబయటే పడుకుంటున్నారని, వడకట్టని నది నీళ్ళు తాగుతున్నారని, వాళ్ళలో మైనర్లు కూడా ఉన్నారని చూపించింది. ఆ కథనం మిఠాయిల గురించి వేసింది, కారు వాక్స్ గురించి కాదు. కానీ మైనం అదే. డబ్బా ధర ఎంత పెరిగినా తోటలో కూలి దాంతోపాటు పెరగదు.

ఇంతకీ ఖరీదైన వాక్స్ ఎవరికి పనికొస్తుంది? క్లియర్‌కోట్ లేని పాత లాకర్ కార్లని పోటీల్లో నిలబెట్టేవాళ్ళకి వాక్స్ నిజంగా అవసరమే. వాళ్ళకైనా మామూలు మంచి వాక్స్ చాలు. రుద్దడంలోనే ఆనందం ఉన్నవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళని కాదనడానికి నేనెవణ్ణి? కాకపోతే అది ఆనందానికి పెట్టిన ఖర్చు, కారుని కాపాడటానికి కాదు. హైదరాబాదు మే నెల ఎండలో నల్ల బానెట్ 70 డిగ్రీలు దాటుతుంది. నూనెలు కలిసిన మైనం ఆ వేడికి, షాంపూకి, వానకి కొన్ని వారాలకే వెళ్ళిపోతుంది. డబ్బా ఖరీదు చూసి ఎండ మొహమాటపడదు.

ఇప్పుడు షోరూముల్లో వినపడుతున్న మాట సిరామిక్ కోటింగ్. అది మైనం కన్నా ఎక్కువ కాలం ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ '9హెచ్ గట్టిదనం' అని చెప్తారే, అది పెన్సిల్ ముల్లుతో గీసి చూసే పరీక్ష. వజ్రాల స్కేలు కాదు. అమ్మకంలో అత్తరు వాసన ఇక్కడ కూడా ఉంది.

నిజానికి మన కార్ల పెయింటుకి పెద్ద శత్రువు సెల్లార్లో పొద్దున్నే పదిహేను కార్లని ఒకే బకెట్ నీళ్ళతో, ఒకే గుడ్డతో తుడవడం. ఆ గుడ్డలో ఇరుక్కున్న ఇసుక చేసే సన్నటి గీతల్ని ఏ మైనమూ ఆపలేదు, మహా అయితే కొన్నాళ్ళు దాస్తుంది. పక్షి రెట్ట పడితే వెంటనే కడగండి. ముందు నీళ్ళు పోసి దుమ్ము వదిలించి, అప్పుడు శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవమనండి. రెండో బకెట్ ఒకటి కొనివ్వండి. తుడిచే అబ్బాయికి నెలకి ఇంకో రెండొందలు ఎక్కువివ్వండి. రెండు వేల డాలర్ల డబ్బా కన్నా మీ కారుకి అదే ఎక్కువ మేలు. పైగా ఆ డబ్బు పనిచేసినవాడికే చేరుతుంది.