మొటిమలకు మెడికల్ షాపు క్రీమ్ రాస్తున్నారా? ఆగండి.. ముందు ఇది చదవండి

ముఖం మీద నాలుగు మొటిమలు రాగానే చాలామంది నేరుగా మెడికల్ షాపుకెళ్లి ఏదో ఒక క్రీమ్ ఇమ్మంటారు. అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేట లాంటి ఊళ్ల నుంచి స్కిన్ డాక్టర్ కోసం పట్నం వెళ్లాలంటే ఒక రోజు పని పోయినట్టే మరి. కానీ ఆ క్రీమే మొటిమల కన్నా పెద్ద సమస్య తెచ్చిపెట్టొచ్చు.

అసలు మొటిమ ఎలా వస్తుంది?

చర్మంలో వెంట్రుక కుదుళ్లను ఆనుకుని నూనె గ్రంథులుంటాయి. యుక్తవయసులో హార్మోన్ల ప్రభావంతో ఇవి ఎక్కువ నూనె వదులుతాయి. ఆ నూనె, మృతకణాలు కలిసి రంధ్రాన్ని మూసేస్తాయి. లోపల బ్యాక్టీరియా పెరిగి వాపు, చీము వస్తాయి. బ్లాక్‌హెడ్ నల్లగా ఉండేది మురికి వల్ల కాదు. రోజుకు పదిసార్లు సబ్బుతో రుద్దినా అది పోదు.. చర్మం పొడిబారి మంట పెరుగుతుందంతే.

మచ్చలెందుకు పడతాయి?

చామనఛాయ, నలుపు రంగు చర్మంపై మొటిమ తగ్గాక నల్ల మచ్చ మిగలడం ఎక్కువ. ఇది నెలల తరబడి ఉండి, మెల్లగా పలచబడుతుంది. గుంటలు పడితే మాత్రం వాటంతటవి పూడవు. అందుకే గిల్లొద్దు, నిమ్మరసం, టూత్‌పేస్ట్ రాయొద్దు.

ఆ క్రీమ్‌లో ఏముంది?

ట్యూబ్ మీద బెటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. మొదట్లో ఎరుపు తగ్గి ముఖం తెల్లబడినట్టు కనిపిస్తుంది. వాడగా వాడగా చర్మం పలచబడుతుంది, సన్నటి రక్తనాళాలు తేలతాయి, మొటిమలు ఇంకా పెరుగుతాయి. మానేస్తే మంట, ఎరుపు! డాక్టర్ చీటీ లేకుండా వీటిని అమ్మకుండా 2018లో కేంద్రం నిబంధనలు బిగించింది. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే డాక్టర్‌ని అడిగి మానండి.

మరేం చేయాలి?

* రోజుకు రెండుసార్లు గాఢత లేని ఫేస్‌వాష్‌తో కడిగితే చాలు.
* తలకు రాసిన నూనె నుదుటి మీదకు జారనివ్వకండి.
* డాక్టర్లు సాధారణంగా రాసేవి బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్. ఫలితం కనిపించడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. వారానికే మానేయొద్దు.
* గర్భిణులు ఏ మందైనా అడిగే వాడాలి. ఐసోట్రెటినాయిన్ మాత్రలు అస్సలు వేసుకోకూడదు, బిడ్డకు ప్రమాదం.

డాక్టర్ దగ్గరకు ఎప్పుడు?

నొప్పితో గడ్డలు కట్టినా, గుంటలు పడుతున్నా ఆలస్యం చేయొద్దు. అమ్మాయిల్లో నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే పీసీఓఎస్ పరీక్ష అవసరం కావచ్చు. విశాఖ కేజీహెచ్‌లో చర్మవ్యాధుల విభాగం ఉంది. వెళ్లేటప్పుడు ఇంతవరకు వాడిన ట్యూబులన్నీ వెంట తీసుకెళ్లండి. ఏం రాశారో డాక్టర్‌కి తెలిస్తేనే సరైన మందు దొరుకుతుంది.